వాగవతలి వెదురు

అప్పలనరసింహరాజు మాస్టారు అడిగిన ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పిన సందర్భం ఆయన శిష్యుల్లో ఎవరికీ గుర్తులేదు. అటవీ శిక్షణ పాఠశాలలో పాఠం చెప్పే రోజుల్లోనూ అంతే, ఉద్యోగం విరమించి గోకవరంలో ఒక పెంకుటింట్లో స్థిరపడ్డాకా అంతే. ప్రశ్న అడిగినవాళ్ళని ముందు భోంచేశారా అని అడిగేవారు. తరవాత, ఆ ప్రశ్నకీ తనకీ ఏ సంబంధమూ లేనట్టు, ఫలానా ఊళ్ళో ఫలానావాడు ఉండేవాడని మొదలుపెట్టేవారు. చెప్పడం అయిపోయాక దానికి అర్థం ఇదీ అని విప్పేవారు కాదు. తొందర ఉన్నవాళ్ళు ఆయన దగ్గరికి రావడం మానేశారు. మిగిలినవాళ్ళు మాత్రం ఎంత దూరాన ఉన్నా, ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా, మనసు తేలని సంగతి ఎదురైతే ఆ ఊరికి బస్సెక్కేవారు.

హైమవతి అలాంటి శిష్యురాలు. ఆమె ఢిల్లీలో, దేశం మొత్తం మీద కాగితం, ప్లైవుడ్డు, వెదురు సామాను తయారుచేసే కంపెనీల సంఘంలో పనిచేస్తోంది. అడవిని పాడుచెయ్యకుండా, అక్కడి మనుషుల పొట్ట కొట్టకుండా తెచ్చిన కలపకి ఒక ముద్ర ఉండాలని, ఆ ముద్ర ఉన్న సరుకునే జనం అడిగి మరీ కొనుక్కోవాలని ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి. మొదట్లో ఆమె మాట చెవిన పెట్టినవాళ్ళు లేరు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. పైదేశాల కొనుగోలుదార్లు ముద్ర అడుగుతున్నారు కాబట్టి సంఘంలో ప్రతి కంపెనీకీ అది కావాలి, వెంటనే కావాలి. నియమాలకి తూగే అడవులు చూస్తే కొన్నే. మిగతావాళ్ళకి కూడా ముందు ముద్ర ఇచ్చేసి, దిద్దుకోవడానికి గడువు పెడదామని సంఘం పెద్దలు అంటున్నారు. దిద్దుకోవలసింది ఎక్కువగా ఉన్నది సంఘాన్ని పోషిస్తున్న పెద్ద కంపెనీలకే. వచ్చే సమావేశంలో ఆమె ఔననాలి, లేదా కాదనాలి. ఔననడానికే ఆమె మనసు మొగ్గుతోంది. మొగ్గుతున్నా ఎందుకో నిద్ర పట్టడం లేదు.

మాస్టారు పెరటి అరుగు మీద కూర్చుని నారుమడి కోసం నేరేడు గింజలు ఏరుతున్నారు. ఆమె ఎదురుగా పీట వేసుకుని, జరిగినదంతా చెప్పి, చివర్న అడిగింది.

"ముద్ర చేతికొస్తే పరువొస్తుంది మాస్టారూ. ఆ పరువు నిలుపుకోవడానికైనా దారికొస్తారు. ముందు ఇచ్చి, తరవాత నేర్పడం తప్పా?"

మాస్టారు తల ఎత్తలేదు. భోంచేశావా అని అడిగారు. బస్సు దిగి హోటల్లో తిన్నానంది. అయితే సరేనని, కుంకుడుబందలో కెచ్చెల లచ్చిరెడ్డి అని ఒకాయన ఉండేవాడన్నారు. ఆ రోజు ఆయన చెప్పింది ఇదీ. కొంత ఆయన కళ్ళారా చూసినది, ఎక్కువ భాగం లచ్చిరెడ్డే చెప్పుకోగా విన్నది.

కుంకుడుబంద మన్యంలో కొండ నడుముకి అతుక్కున్నట్టుండే కొండరెడ్ల ఊరు. ఊరి వెనక వాలంతా వెదురు. లచ్చిరెడ్డి చిన్నతనంలో మాత్రం ఆ వాలు బోడిగా ఉండేది. కాంట్రాక్టర్ల మనుషులు వచ్చి, ముదురనక లేతనక, దొరికింది దొరికినట్టు నరుక్కుపోయిన రోజులవి. పొదలు చచ్చి, వానకి మట్టి జారి, ఊరి ఊట ఎండిపోతే ఆడవాళ్ళు ఎక్కడెక్కడికో పోయి నీళ్ళు మోసుకొచ్చేవారు. అలా మోసినవాళ్ళలో లచ్చిరెడ్డి తల్లి ఒకతె. అందుకని పెద్దవాడై ఊరి సమితికి పెద్దగా నిలబడ్డాక అతను మొదట పెట్టిన కట్టుబాటు వెదురు గురించే. ఈ ఏడు పుట్టిన బొంగు మీద కత్తి పడకూడదు. నిరుటిదాన్నీ ముట్టుకోకూడదు, గాలికి లేత బొంగు వాలేది దాని మీదే. ముదిరినవాటిని మాత్రం, అవీ పొదలో కొన్ని నిలిపి, నేలకి దగ్గరగా కణుపు పైన కొట్టాలి. అలా కొడితే మోడులో నీళ్ళు నిలిచి దుబ్బు కుళ్ళదు. ఎవరైనా కట్టుబాటు తప్పితే లచ్చిరెడ్డి అరిచేవాడు కాదు. వాడిని ఆ పొద దగ్గరికే తీసుకెళ్ళి, ఎందుకు నరికావో చెప్పమనేవాడు. చెప్పలేక తలదించుకునేవాళ్ళు. అలా కొన్నేళ్ళకి వాలు పచ్చబడింది. ఊట మళ్ళీ ఊరింది.

ముద్ర ఆ తరవాత వచ్చింది. పట్నంలో వెదురు కుర్చీలూ చాపలూ చేసి పైదేశాలకి పంపే ఒక కంపెనీ, బాగా చూసుకునే అడవి నుంచే సరుకు తెచ్చుకోవాలని వెతుక్కుంటూ ఆ ఊరికి వచ్చింది. ముద్ర ఇచ్చే సంస్థ మనుషులు ఇద్దరు వానాకాలమంతా ఊళ్ళోనే ఉన్నారు. వాలు ఎక్కారు, దిగారు, ఆడవాళ్ళనీ ముసలివాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడారు, పొదల మధ్య తిరిగి జలగల చేత కరిపించుకున్నారు. వెళ్ళేముందు ఒక ఇనప కడ్డీ తెచ్చి లచ్చిరెడ్డి చేతికిచ్చారు. కడ్డీ చివర ఆకు బొమ్మ. దాన్ని నిప్పుల్లో కాల్చి బొంగు మొదట్లో నొక్కితే ఆకు అచ్చు పడుతుంది. అచ్చున్న బొంగుకి కంపెనీ ఇచ్చే ధర కాంట్రాక్టరు ధర కన్నా చాలా ఎక్కువ. కడ్డీ సమితి పెద్ద దగ్గరే ఉండాలి, ఈ వాలు మీద కట్టుబాటు ప్రకారం కొట్టిన బొంగుకి తప్ప మరి దేనికీ అది తగలకూడదు. నియమం అంతే. అచ్చు వేసే రోజు ఊరు పండగలా ఉండేది. కాలిన వెదురు వాసన ఇంటింటికీ పాకేది. లచ్చిరెడ్డి తలపాగా చుట్టుకుని నిప్పుల ముందు కూర్చుని, ఒక్కొక్క బొంగునీ తిప్పి చూసి గానీ అచ్చు వేసేవాడు కాదు.

అతనికి ఒక్కతే కూతురు, పండమ్మ. వాగవతల జీలుగుపాడు కుర్రాడు బొజ్జిరెడ్డికి ఇచ్చి చేశాడు. అల్లుడు మంచివాడు, ఒళ్ళు దాచుకోని మనిషి. కానీ జీలుగుపాడులో వెదురుకి కట్టుబాటంటూ లేదు. అక్కడ ఇంకా కాంట్రాక్టరు మాటే చెల్లేది. అతనికి ఎప్పుడు ఏది కావలిస్తే అది కొట్టి ఇచ్చి, అతను ఎంతిస్తే అంత తీసుకునేవాళ్ళు. కూతురిని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా లచ్చిరెడ్డి వాళ్ళ పొదలు చూసి బాధపడేవాడు గానీ, పిల్లనిచ్చిన ఊళ్ళో నీతులు చెప్పడం బాగుండదని ఊరుకునేవాడు.

ఒక ఏడు వానలు వెనకబట్టి పోడు పంట పోయింది. సామలు గింజ పట్టలేదు, కందులు పూతలోనే రాలాయి. కుంకుడుబందలోనూ పోయాయి కానీ అక్కడ ముద్ర వెదురు ఆదుకుంది. జీలుగుపాడులో ఆదుకునేదేమీ లేదు. ఆ చలికాలం పండమ్మ చంటిబిడ్డనెత్తుకుని పుట్టింటికొచ్చింది. ఆమె వెనకాలే బొజ్జిరెడ్డి వచ్చాడు. ఖాళీ చేతులతో రాలేదు. తమ్ముళ్ళ సాయంతో వెదురు మోపులు వాగు దాటించి, మామగారి ఇంటి వెనక దించాడు. భోజనాలయ్యాక సంగతి చెప్పాడు. ఈ ఒక్కసారికీ ఈ మోపులు మీ సరుకులో కలిపి పంపమన్నాడు. కాంట్రాక్టరు ఇచ్చేది గింజలకి కూడా చాలదన్నాడు. లచ్చిరెడ్డి లేచి వెళ్ళి మోపులు చూశాడు. సగం లేతవి. కుదరదన్నాడు. కడ్డీ తనది కాదని, ఊరిదని, ఊరిని కూడా ఎవరో నమ్మి ఇచ్చినదని చెప్పాడు. బొజ్జిరెడ్డి ఎదురు మాట్లాడలేదు, మోపులు వెనక్కీ తీసుకుపోలేదు.

పండమ్మ అసలేమీ అడగలేదు. పొద్దున్నే లేచి తండ్రికి అంబలి కాచి ఇచ్చేది. పాలు చాలక బిడ్డ ఏడుస్తుంటే భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగేది. ఇంటి వెనక మోపులున్న వైపు మాత్రం చూసేది కాదు. ఆ చూడకపోవడం లచ్చిరెడ్డిని లోలోపల తినేసింది. అడిగి ఉంటే కోప్పడేవాడు, నచ్చజెప్పేవాడు. అడగని మనిషికి ఏం జవాబు చెబుతాడు?

లారీ వచ్చే ముందురోజు అతను నిప్పులు రాజేశాడు. ఊరి సరుకంతా అయ్యాక, అందరూ చూస్తుండగానే అల్లుడి మోపులు విప్పించాడు. చాటుగా చేస్తే దొంగతనమవుతుందని, అందరి ముందూ చేస్తే అది సాయమవుతుందని తనకి తాను చెప్పుకున్నాడు. ఊళ్ళోవాళ్ళెవరూ కాదనలేదు. పండమ్మ వాళ్ళందరి చేతుల్లో పెరిగిన పిల్ల. పైగా లచ్చిరెడ్డి ఒక మాట గట్టిగా నమ్మాడు. మంచి ధర రుచి చూస్తే వీళ్ళకీ బుద్ధి కలుగుతుంది, వచ్చే ఏటి నుంచి మన పద్ధతిలోనే కొడతారు, మనం చెప్పి నేర్పలేనిది ముద్ర నేర్పుతుంది అనుకున్నాడు. అల్లుడి చేత ఆ మాటే అనిపించుకున్నాడు.

"వచ్చే ఏడు లేత బొంగు మీద నా కత్తి పడితే నన్నడుగు మామా," అన్నాడు బొజ్జిరెడ్డి, బిడ్డ తల మీద చెయ్యేసి. ఆ అన్నది నిజంగానే అన్నాడు.

అప్పుడు లచ్చిరెడ్డి కడ్డీ నొక్కాడు. లేత వెదురు పచ్చిగా ఉండి చుయ్యిమని నీరు చిమ్మింది. అచ్చు కాస్త మసకగా పడింది. తేడా అంతే. మర్నాడు లారీలో అన్నీ కలిసిపోయాక అదీ తెలియలేదు. ఏదో ఒకటి జరుగుతుందని అతను చాలా రోజులు లోపల బెదురుతూ గడిపాడు. ఏమీ జరగలేదు. డబ్బు వచ్చింది, బిడ్డ ఒళ్ళు చేసింది, పండమ్మ నవ్వుతూ అత్తారింటికి వెళ్ళింది. అతనికి మనసు కుదుటపడింది.

మరుసటి ఏడు బొజ్జిరెడ్డి మాట నిలబెట్టుకోవాలనే చూశాడు. తన వాటా పొదల్లో లేతవి వదిలేశాడు. అతను వదిలినవాటిని పక్కింటివాళ్ళు కొట్టుకున్నారు. కొట్టుకున్నవాళ్ళు వాటిని వాగు దాటించి లచ్చిరెడ్డి వాకిట్లోకే తెచ్చారు. బొజ్జిరెడ్డికి నువ్వు మామవైతే మాకేమీ కావా అని అడిగారు. అలా అడిగినవాళ్ళందరూ ఏదో వరస చుట్టాలే. ఒకడు మేనత్త మనవడు, ఇంకొకడు బావమరిది వరస. ఒకడికి వేసిన అచ్చు ఇంకొకడికి వెయ్యనని చెప్పడానికి లచ్చిరెడ్డికి మాట దొరకలేదు. నియమం చెప్పబోతే, ఆ నియమం నిరుడెక్కడికి పోయిందని వాళ్ళు పైకి అనకుండానే అతనికి వినబడేది. అందరి దగ్గరా అల్లుడి దగ్గర తీసుకున్న మాటే తీసుకున్నాడు. అందరూ ఇచ్చారు. వెనక్కి వెళ్ళి ఎప్పట్లాగే కొట్టారు. ఎలా కొట్టినా ధర ఒకటే అయినప్పుడు, ఏరి కొట్టడానికి పొద్దంతా ఎందుకు పాడుచేసుకోవాలో వాళ్ళకి అర్థం కాలేదు. కొన్నాళ్ళకి బొజ్జిరెడ్డి కూడా లేతవే తెచ్చాడు. నేనొక్కణ్ణి వదిలి ఏం లాభం మామా, వదిలినవి వాళ్ళవవుతున్నాయి అన్నాడు. లచ్చిరెడ్డి ఆ మోపులూ విప్పించాడు.

కంపెనీ మాత్రం సంతోషించింది. కుంకుడుబంద సరుకు పెరిగిందని ఇంకో లారీ పంపింది. ముద్ర ఇచ్చే సంస్థ నుంచి ఏటా ఒక మనిషి తనిఖీకి వచ్చేవాడు. మొదట్లో వాలెక్కి చూసేవాడు. ఊరికి మంచి పేరు వచ్చాక జీపు వాకిట్లో ఆపి, కడ్డీ చూసి, టీ తాగి, అంతా బాగుంది కదా అని అడిగి వెళ్ళిపోయేవాడు. బాగుందనే లచ్చిరెడ్డి చెప్పేవాడు. తన వాలు వరకూ అది అప్పటికి నిజమే.

ఆ నిజం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. రాజిరెడ్డి అని అతని తమ్ముడి కొడుకు ఉండేవాడు. వాడికి కత్తి పట్టడం నేర్పింది లచ్చిరెడ్డే. కట్టుబాటు మీద ఊళ్ళో అందరికన్నా పట్టుదల ఉన్నది వాడికే. ఒక మాఘమాసపు పొద్దున లచ్చిరెడ్డి వాలు మీదికి పోతే, పెద్ద పొద ఒకటి మొదలంటా కొట్టేసి ఉంది. ఈ ఏటి బొంగులు, ఒంటి మీది తొడుగులు కూడా ఇంకా రాలనివి, మోపు కట్టి ఉన్నాయి. పక్కనే రాజిరెడ్డి కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. పెదనాన్నని చూసి లేచి నిలబడ్డాడు గానీ పారిపోలేదు. ఎందుకు నరికావో చెప్పమన్నాడు లచ్చిరెడ్డి. ఆ మాటకి అందరూ తలదించుకునేవాళ్ళు. వాడు దించుకోలేదు.

"పెదనాన్నా, రేపు లారీ ఎక్కించాక మన బొంగేదో, వాగవతలి బొంగేదో నువ్వు చూపించు. చూపిస్తే ఇకమీద నేను లేతది ముట్టుకోను," అన్నాడు.

వాడి గొంతులో పొగరు లేదు. నిజంగానే చూపిస్తాడేమోనన్న ఆశ ఏదో ఆ కళ్ళలో ఉన్నట్టు లచ్చిరెడ్డికి తోచింది. అతను కొండ దిగి వచ్చేశాడు. ఆ రోజు వాడి చెంప పగలగొట్టి ఉన్నా బాగుండేదని, ఆ హక్కు తన దగ్గర మిగల్లేదని తెలిసి చెయ్యి లేవలేదని తరవాత మాస్టారితో అన్నాడట. జీలుగుపాడుకి ముద్ర ఏమీ నేర్పలేదు. కుంకుడుబంద మాత్రం తనకి వచ్చిన పద్ధతి మర్చిపోవడం మొదలుపెట్టింది.

ఆ దెబ్బకి అతను ఒక నిర్ణయానికొచ్చాడు. ఇక ఈ ఏడు వాగవతలి సరుకుకి కడ్డీ తాకించనని, ఆ మాట తనే వెళ్ళి మొహం మీద చెప్పి వస్తానని బయల్దేరాడు. జీలుగుపాడులో అడుగు పెట్టేసరికి పిల్లలు తాతొచ్చాడని చుట్టుముట్టారు. తాటాకు పాకల్లో కొన్నింటికి రేకులు పడ్డాయి. ఒక ముసలావిడ అతని రెండు చేతులూ పట్టుకుని, నీ దయ వల్ల నా కొడుక్కి మందులు కొనగలిగానంది. నులకమంచం వాల్చారు, కోడిని కోశారు. పండమ్మ పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. తిన్నంతసేపూ అతను ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలా అని చూశాడు. చేతులు కడుక్కున్నాక చెబుదామనుకున్నాడు. వాగు దాకా సాగనంపడానికి అల్లుడు వస్తే దారిలో చెబుదామనుకున్నాడు. చెప్పకుండానే వాగు దాటాడు. అవతలి గట్టెక్కాక వెనక్కి తిరిగితే బొజ్జిరెడ్డి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, చెయ్యి ఊపుతూ.

కొండ వాలు బాగుపడినంత నెమ్మదిగా పాడవదు. ఒకళ్ళు కొట్టినచోట ఇంకొకళ్ళు ఊరుకోలేదు. నేను వదిలితే వాడు కొట్టుకుంటాడనేదే రెండు ఊళ్ళలోనూ అందరి మాటా అయింది. ఆసరాగా నిలవాల్సిన నిరుటి బొంగులు లేక, మిగిలిన లేతవి ఆషాఢపు గాలికి విరిగి పడ్డాయి. పొదలు పలచబడి ఎర్రమట్టి బయటపడింది. వానొస్తే వాగు రెండు గట్ల మట్టినీ కలుపుకుని చిక్కగా పారేది. లచ్చిరెడ్డి సమితిలో కట్టుబాటు సంగతి ఎత్తాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. గౌరవంగా విన్నారు, విని లేచి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

ఒక ఏడు తనిఖీకి వేరే మనిషి వచ్చాడు. మొట్టమొదట వానాకాలమంతా ఊళ్ళో ఉండిపోయిన ఇద్దరిలో ఒకతను, ఇప్పుడు జుట్టు నెరిసింది. జీపు కింద రోడ్డు మీదే వదిలి నడిచొచ్చాడు. లచ్చిరెడ్డిని పేరు పెట్టి పిలిచి కావలించుకున్నాడు. మంచినీళ్ళు తాగి, పద, మన వాలు చూసొద్దాం అన్నాడు. కాళ్ళు నొప్పులనో, వాన వచ్చేలా ఉందనో చెప్పడానికి లచ్చిరెడ్డికి నోరు రాలేదు. ముందు నడిచి తనే దారి చూపించాడు. బాగున్న పొదలు ఇంకా కొన్ని ఉన్నాయి, ఊరి చివర ఉండే ఇద్దరు ముసలమ్మల వాటావి. అటు తిప్పి తీసుకెళ్ళవచ్చు. తీసుకెళ్ళలేదు. రాజిరెడ్డి కొట్టిన పెద్ద పొద ఉండిన చోటికే తీసుకెళ్ళి ఆగాడు. అక్కడ మోకాలెత్తు మోళ్ళున్నాయి, చీలిపోయి, నీళ్ళు నిలిచి నల్లబడ్డవి.

ఆ పెద్దమనిషి వాటి పక్కన కూలబడ్డాడు. ఎప్పట్నుంచి అని మాత్రం అడిగాడు. లచ్చిరెడ్డి పంట పోయిన ఏడు గురించి చెప్పాడు, పాలు చాలని బిడ్డ గురించి చెప్పాడు, ఏదీ దాచలేదు. ఇందులో తమ తప్పూ ఉందని, ఇన్నేళ్ళూ తమవాళ్ళు జీపు దగ్గర నుంచి కదల్లేదని ఆయన అన్నాడు. ఆ మాట లచ్చిరెడ్డికి ఓదార్పు కాలేదు. ఇద్దరూ దిగి వచ్చారు. ఆయన అడగకముందే లచ్చిరెడ్డి లోపలికి వెళ్ళి, కడ్డీని గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చేశాడు. అది తీసుకోవడానికి ఆయన చెయ్యి చాపలేక చాపలేక చాపాడు.

లారీలు ఆగిపోయాయి. అబద్ధపు ఆకు అచ్చున్న సరుకు అమ్మినందుకు కంపెనీకీ పైదేశాల్లో మాట పడింది, అది వేరే కొండలు వెతుక్కుంటూ పోయింది. కుంకుడుబందకి మళ్ళీ కాంట్రాక్టరే దిక్కయ్యాడు. ఆ ఇద్దరు ముసలమ్మలు తమ పొదల్లో ఏ ఏడూ ఒక్క లేత బొంగు కొట్టినవాళ్ళు కారు. వాళ్ళ వెదురు కూడా మిగతావాళ్ళ కుప్పలోనే, మిగతావాళ్ళ ధరకే పోయింది. మా వెదురు మంచిది అని ఇప్పుడు ఎవరు చెప్పినా వినేవాళ్ళు లేరు. దాని గురించి వాళ్ళు లచ్చిరెడ్డిని ఒక్క మాట అనలేదు. అతను మాత్రం వాళ్ళ గుమ్మాల ముందు నుంచి నడవడం మానేసి, ఊరి చుట్టూ తిరిగి పోయేవాడు.

జీలుగుపాడులో కొట్టడానికి వెదురే మిగల్లేదు. కుటుంబాలు ఒక్కొక్కటే కొండ దిగి, పల్లపు ఊళ్ళలో రొయ్యల చెరువుల మీద పనులకి పోయాయి. బొజ్జిరెడ్డీ బయల్దేరాడు. వెళ్ళే రోజు పండమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తండ్రి దగ్గరికి వచ్చింది. దారిలోకని లచ్చిరెడ్డి ఇంట్లో ఉన్న సామలు మూట కట్టి ఇచ్చాడు. ఇద్దరూ వాకిట్లో కూర్చున్నారు. అతను చెప్పాలనుకున్నది ఎలాగో పెగల్చుకున్నాడు. ఆ వేళ నిన్ను ఆదుకుంటున్నాననుకున్నాను గానీ, నీకు ఊరే లేకుండా చేశానన్నాడు. పండమ్మ కొంగుతో బిడ్డ మొహం తుడుస్తూ, అతని వైపు చూడకుండానే చెప్పింది.

"అప్పుడు నువ్వు కాదనుంటే నేను ఏడిచేదాన్ని అయ్యా. ఓ ఏడాది నీ గడప తొక్కేదాన్ని కాదు. ఆ తరవాత వచ్చేదాన్ని."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, మూట నెత్తికెత్తుకుని వెళ్ళింది. లచ్చిరెడ్డి బతికున్నన్నాళ్ళూ ఆమె మళ్ళీ రాలేదు. కోపం ఉండి కాదు. చెరువుల మీద పనివాళ్ళకి తీరిక దొరకదు, దారి ఖర్చులు కుదరవు. చివరి రోజుల్లో అతను ఒక్కడే వాలెక్కి, చావకుండా మిగిలిన పొదల చుట్టూ పశువులు పడకుండా ముళ్ళకంప కట్టేవాడు. కొన్ని తేరుకున్నాయి కూడా. ముద్ర ఇచ్చేవాళ్ళని మళ్ళీ పిలుద్దామని ఊళ్ళో ఎవరో అంటే, పిలిచి వాళ్ళ ముందు ఏ మొహంతో నిలబడాలో తనకి తెలియదన్నాడు.

మాస్టారు చెప్పడం ఆపారు. హైమవతి పీట ముందుకి జరుపుకుంది. లచ్చిరెడ్డి ఒంటరివాడని, కడ్డీ ఒక్కడి చేతిలో పెట్టడమే అసలు పొరపాటని అంది. తమకి రాసుకున్న నియమాలున్నాయని, తనిఖీ బృందాలున్నాయని, ఏ ఒక్కరి జాలి మీదా నడవని కమిటీ ఉందని చెప్పుకొచ్చింది. గడువులోగా దిద్దుకోని కంపెనీ ఎంత పెద్దదైనా సరే, ముద్ర వెనక్కి తీసుకునే అధికారం ఆ కమిటీకి ఉందంది. ఆ కమిటీలో ఎవరెవరు కూర్చుంటారో చెప్పబోయి, సంఘాన్ని పోషిస్తున్న ఒక పెద్ద కంపెనీ యజమాని పేరు దగ్గర ఆగిపోయింది.

మాస్టారు చేతిలోని నేరేడు గింజలు పక్కన పెట్టారు.

"మీ సంఘంలో అల్లుళ్ళెంతమంది, హైమా?" అన్నారు.